కోట మీద లేని తోట

అనకాపల్లి, నవంబరు పన్నెండు.

ఈరోజు మీ తద్దినం. వండినవి తొమ్మిది రకాలు, వేసిన విస్తళ్లు పద్నాలుగు, తోమిన గిన్నెలు లెక్కలేదు. అన్నీ సర్దాకే ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

విదేశాలకి ఒక్కరే వెళ్లినప్పుడు సాల్జ్‌బర్గ్‌లో మీరు తీయించుకున్న ఫోటో ఇంకా హాల్లోనే ఉంది. పూలమడుల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డారు. అది కొండమీది కోటలో తోట అని, అంత ఎత్తూ నడిచే ఎక్కానని బతికున్నన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పారు.

"ఇది ఉప్మాక కొండ మెట్లకే కూలబడిపోద్ది. దీన్నేటి తీసుకెళ్తాను?" అని నేనిచ్చిన కాఫీ తాగుతూ నవ్వేవారు. ఆ మెట్లెక్కిన రోజు నా చంకలో పిల్ల ఉందని మాత్రం ఎవరికీ చెప్పేవారు కాదు.

మే నెలలో మా చెల్లెలితో సాల్జ్‌బర్గ్ వెళ్లాను. మీ తోట ఊళ్లోనే, చదును నేల మీద ఉంది. కోట ఏటికి అవతల, కొండ మీద ఉంది. పైకి తీసుకెళ్లే చిన్న రైలు ఉన్నా ఎక్కలేదు. మూడుచోట్ల ఆగి, నడిచే వెళ్లాను. కోటగోడ దగ్గర ఫోటో తీయించుకున్నాను. నా వెనక, బాగా దిగువన మీ తోట ఉంది.

దాన్ని మీ ఫోటో పక్కనే తగిలించాను. భోజనాలయ్యాక మీ తమ్ముడు రెండూ మార్చి మార్చి చూశాడు.

"వదినా, అన్నయ్య తోట కిందుందేటి?"

"ఎప్పుడూ కిందే ఉంది బాబూ."

"మరన్నయ్య కోట ఎక్కనేదా?"

"ఆయన్నే అడుగు. గోడమీదే ఉన్నారు కదా."

అందరూ నవ్వారు, నేనిచ్చిన కాఫీ తాగుతూనే. మీ నవ్వు బాకీ ఈరోజుతో తీరిపోయింది.