సిరుగుప్పలో జొన్నరొట్టె

అమ్మా,

మొన్న నీ సంవత్సరీకం అయ్యాక, నీ మనవరాలు శారద అత్తవారింట్లో మొదటిసారి రెండు రోజులు ఉండి వచ్చాను. సిరుగుప్ప సంబంధం కుదిరినప్పుడు నువ్వన్న మాట నన్ను ఇంతకాలం వదల్లేదు. "కన్నడపోళ్ల సీమలో మాట వేరు, తిండి వేరు. పిల్ల ఆడ యెట్ల బతుకుతాదే?"

ఆదోని నుంచి బస్సులో చాలాసేపు మన పత్తి చేలే, వాన కోసం నోరు తెరిచిన నల్లరేగడే. సిరుగుప్ప దగ్గర పడేసరికి కాలువ నీళ్లు, మోకాలెత్తు వరి. అంత పచ్చదనం చూసినా నా భయం తగ్గలేదు.

వాళ్లింట్లో పూటపూటా అన్నమే. వియ్యపురాలు మాత్రం "ఊట మాడమ్మా" అంటూ నాకు జొన్నరొట్టె వడ్డించింది. తర్వాత తనకొచ్చిన తెలుగులో చెప్పింది.

"నీ బిడ్డకు మా అన్నం సరిపోలే. సన్నబడతాంటే సూడలేక, దాని దగ్గరే రొట్టె తట్టేది నేర్చుకున్నా."

"అత్త ఇంకా అంచులు మాడుస్తాంది మా" అంది శారద.

ఇద్దరూ కన్నడంలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. నాకు సగం అర్థం కాలేదు. అడగనూ లేదు.

తిరుగు బస్సులో ఆదోని వచ్చేదాకా నిద్రపోయానమ్మా.