పానీ అన్నాడు

కోరుట్ల

స్పీచ్ థెరపీ మేడం గారికి,

నేను నవీద్ అమ్మను. మంగళవారం జగిత్యాలకు, మీ దగ్గరికి వచ్చేలోపు ఒక సంగతి చెప్పాలి.

ఆటిజం ఉన్న పిల్లవాడితో ఒక్కో వస్తువుకు ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలన్నారు మీరు. మీరు తెలుగులో నేర్పుతున్నారని నేను ఇంట్లో ఉర్దూ మాన్పించాను. మా అత్తమ్మకు తెలుగు బజారు వరకే వచ్చు. "మన్మనికి ముద్దు గూడ తెలుగులనే పెట్టాల్నా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. "నీ వల్లనే వానికి మాటలు వస్తలేవు" అన్నాను. అప్పటి నుంచి వాడి దగ్గర ఆమె నోరు విప్పడం లేదు.

నిన్న నవీద్ నా చున్నీ పట్టుకుని "పానీ" అన్నాడు. వాడి మొదటి మాట. నేను గ్లాసు పైకెత్తి, "నీళ్లు అను, నీళ్లు" అని పట్టుబట్టాను. వాడు చున్నీ వదిలేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత గ్లాసు నోటి దగ్గర పెట్టినా తాగలేదు. ఇప్పుడు వాడితో ఏం మాట్లాడాలన్నా నాకు భయంగా ఉంది.

మంగళవారం అత్తమ్మను కూడా తీసుకొస్తాను. ఉర్దూలో మాట్లాడవచ్చంటే ఆమెకు మీరే చెప్పండి. వాడు పానీ అన్నాడని కూడా చెప్పండి. నేనింకా చెప్పలేదు. చెబితే నన్ను ఒక్క మాట అనదు, సంతోషపడుతుంది. అందుకే చెప్పలేకపోయాను.

ఇట్లు,
నవీద్ అమ్మ