రాహుకాలం పర్మిషన్

ఏమండీ, ఇడ్లీపిండి ఫ్రిజ్‌లో ఉంది. సంయుక్తకి జ్వరం తగ్గింది. క్రెష్ నాలుగింటికి మూసేస్తారు, ఇవాళ మీరే వెళ్లి తీసుకురావాలి.

నిన్న పాపకి జ్వరమని పర్మిషన్ అడిగితే మా మేనేజరు, "పిల్లలు అందరికీ ఉన్నారండీ, ఇది ఆఫీసు" అన్నాడు. "మంగళవారం కదా సార్, మూడింటికి రాహుకాలం, ఈలోపే బయల్దేరాలి" అన్నాను. వాచీ చూసుకుని కంగారుపడిపోయాడు. "ముందే చెప్పొద్దా అమ్మా!" అంటూ ఆటో కూడా తనే పిలిపించాడు.

ఆఫీసున్న రోజుల్లో క్రెష్ టైముకి మనకి పనికొచ్చే రాహుకాలం ఆ మంగళవారం ఒక్కరోజే. మిగతా రోజులు మీవి.

లలిత

మీ మేనేజరు దేనికి భయపడతాడో కనుక్కోండి. మీరు ఆయనకి భయపడతారని నాకు ఎప్పుడో తెలుసు.