వెనక్కి వచ్చిన గింజలు

నా బంగారు తమ్ముడూ,

ఏడాదిగా నీ నుంచి ఉత్తరం లేదు. ఎందుకో నాకు తెలుసు. నువ్వు అడగవు గనక నేనే చెబుతున్నాను. నిరుడు నీ పొద్దుతిరుగుడు గింజల్ని నూనెమిల్లు నుంచి వెనక్కి పంపింది నేనే. ఆ రోజు పరీక్ష గదిలో డ్యూటీ నాది. సంచి మూతి విప్పగానే ముక్కిపోయిన వాసన. గుప్పెట్లోకి తీసుకుంటే చెమ్మగా అంటుకున్నాయి. సగం తాలు. నూనె తీసి చూస్తే తక్కువ, అందులో ఆమ్లం ఎక్కువ. సంచి మీద నీ పేరు చూసి కూడా చీటీలో ‘పనికిరావు’ అని రాశాను. ఆ నూనె ఎవరి వంటింటికో వెళ్తుంది కదరా!

అప్పట్నుంచి ఒకటే కల. నీ చేను నిండా పూసి ఉంటుంది. నేను నడుస్తుంటే ఒక్కో పువ్వూ నెమ్మదిగా మొహం తిప్పేసుకుంటుంది.

పువ్వు వీపు పసుపు తిరిగేదాకా కొయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఎందుకంత తొందరపడ్డావు? కోపముంటే తిట్టు. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ అక్క

వదినా,

మీ ఉత్తరం ఆయన నాలుగుసార్లు చదివి నా చేతిలో పెట్టారు. “నేను రాస్తే తప్పంతా నా నెత్తినే వేసుకుంటాను. నువ్వే రాయి” అన్నారు.

ఆ చేను కోయించింది నేను వదినా. అప్పుడాయన జ్వరంతో మంచం మీద ఉన్నారు. పడమట మబ్బు కనబడేసరికి పంటంతా తడిసిపోతుందనుకున్నాను. పువ్వుల వీపులింకా ఆకుపచ్చగా ఉండగానే కోయించి, టార్పాలిన్ కింద కుప్ప పోయించాను. గింజలు చెమ్మకు లోపలే ఉడికిపోయాయి. అంతకుముందు, తేనెటీగలు తిరిగే వేళ పూత మీద మందు కొట్టించిందీ నేనే. ఈగలు రాక గింజ కట్టలేదు, ఆ తాలంతా అందుకే. తీరా చూస్తే వాన పడనేలేదు. నన్ను మీ ముందు తక్కువ చెయ్యలేక, మీకు అబద్ధం చెప్పలేక ఆయన ఊరుకుండిపోయారు. మీ మీద కోపం ఏనాడూ లేదు.

ఈ ఏడు చేను నన్నే చూడమన్నారు. పూత మీద మందు ముట్టలేదు. పొద్దున్నే మంచు ఆరాక, చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, పసిపిల్ల మొహం తుడిచినట్టు ఒక్కో పువ్వునూ నిమిరేదాన్ని. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటేది. చుట్టూ తేనెటీగల రొద, ఆ పచ్చటి వెలుగు... నేనెక్కడున్నానో మరిచిపోయేదాన్ని. ఆయన గట్టు మీంచి “ఇంటికొస్తావా, అక్కడే పూస్తావా?” అని నవ్వేవారు. రెండుసార్లు మబ్బు పట్టింది. అయినా కొయ్యకుండా ఆగాను. వీపులు పసుపు తిరిగాకే కోయించి, కొరికితే టక్కుమనేదాకా గింజల్ని పల్చగా ఆరబోశాం.

సోమవారం సంచులతో నేనే మిల్లుకు వస్తున్నాను. మరదలని చూడకండి, గింజను బట్టే రాయండి. పనికిరాకపోతే వెనక్కి పంపండి. కాకపోతే ముందు మీ ఇంటికి తీసుకెళ్ళి, కడుపునిండా భోజనం పెట్టి మరీ పంపండి.

మీ మరదలు