స్టాంపు కాగితం ఎవరి పేరున

ఆదోని,
బహుధాన్య వైశాఖ బహుళ పంచమి.

చిరంజీవి జయరాంకు, మీ అమ్మ కనకమ్మ వెయ్యి దీవెనలతో తన చేత్తో తానే రాసుకున్న జాబు. ఇక్కడ మీ నాయనా నేనూ క్షేమం. బొంబాయిలో నువ్వూ కోడలు అమృతవల్లీ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఈడ ఎండలు మండిపోతున్నాయి గానీ ఈ ఏడు నాకేమో ఎండ తెలియడం లేదు. ఎందుకంటావా? సొంత మిద్దె కింద కూర్చుని రాస్తున్నాను నాయనా!

అవును, ఇల్లు మనదైంది. మొన్న శుక్రవారం రిజిస్ట్రీ జరిగింది. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనకాల చిన్న పెరడు. పెరట్లో బావి కూడా ఉంది, నీళ్లు మాత్రం ఉప్పన. ఉండనీ, ఉప్పు నీళ్లయినా మనవే. ఆ పూట నుంచి ఇంటి ముందు ముగ్గు నేనే వేస్తున్నాను. అద్దె ఇళ్లలోనూ వేశాను, కానీ అప్పుడు ఎవరి వాకిలికో వేసినట్టుండేది.

పోయిన జాబులో నా మోకాలి సంగతి అడిగావు. నొప్పి ఉంది, నేనూ ఉన్నాను, ఇద్దరం సర్దుకుపోతున్నాం. దీపావళికి మీ శేఠ్ ఇచ్చిన బక్షీసు డెబ్బై రూపాయలూ నాకే పంపి గాజులు చేయించుకోమన్నావు కదా, ఆ గాజులు ఎట్లున్నాయని అడిగావు. ఆ సంగతి చివర చెప్తాను, కాస్త ఓపిక పట్టు. మీ ఆఫీసులో స్నేహితుడెవరో ఇల్లు కొనాలనుకుంటున్నాడనీ, ధర కాక ఇంకేం ఖర్చులు పడతాయో రాయమనీ అన్నావు. అబ్బో, అది అడగాల్సింది నన్నే! ఈ ఊళ్లో నాకన్నా బాగా చెప్పేవాళ్లు లేరిప్పుడు.

మన పాత ఇల్లు ఎట్లా పోయిందో నువ్వు మరిచిపోయి ఉండవు. పత్తి ధర పడిపోయిన ఏడు, స్నేహితుడి అప్పుకు మీ నాయన హామీ సంతకం పెట్టారు. ఆ మహానుభావుడు ఊరు విడిచిపోయాడు, మన ఇల్లు వేలానికి పోయింది. ఒక్క సంతకం! నన్ను మాటమాత్రం అడగలేదు. ఆ తర్వాత గిన్నెలు మూటగట్టుకుని ఇంటింటికీ మారడమే నా బతుకైంది. అందుకని ఈసారి ఇల్లు కొంటున్నామనగానే సంతోషం కన్నా ముందు నాకు భయం పుట్టింది. మీ నాయన మనసు వెన్న. ఎవరైనా వచ్చి కళ్లు తుడుచుకుంటే మళ్లీ సంతకం పెట్టేస్తారు.

అమ్మినవాడు హాలహర్వి రైతు పెద్దయ్య. ఏటా మీ నాయన పనిచేసే మండీకే పత్తి తెచ్చేవాడు. కొడుకు చదువుకని ఈడ ఇల్లు కట్టించి, ఆ పిల్లవాడు సేద్యమే చేస్తానంటే అమ్మకానికి పెట్టాడు. ధర తొమ్మిది వందలు. ఉగాది నాడు యాభై బయానా ఇచ్చాం. నీ స్నేహితుడికి చెప్పు, బయానా ఉత్తిపుణ్యానికి పోదు, ధరలోనే కలిసిపోతుంది. కానీ అనుకున్న గడువులోగా రాయించుకోకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. మా గడువు ఆ శుక్రవారమే. ఆలూరు శనగల వ్యాపారి ఒకాయన ఎక్కువ ధరతో కాచుకుని కూర్చున్నాడు కూడా.

ఆ ఉదయం మీ నాయన సంచిలో సరిగ్గా ఎనిమిది వందల యాభై పెట్టుకుని బయలుదేరారు. నేనూ వస్తానంటే, "ఆడోళ్లకు ఆడేం పని?" అన్నారు. "ఇంట్లో ఉండేది నేను, సూసుకోవద్దా?" అని జట్కా ఎక్కేశాను. రిజిస్ట్రారు కచేరీ ముందు అరుగు మీద దస్తావేజులు రాసే నరసన్న చాప పరిచాడు. కలం చెవిలో పెట్టుకుని వరసగా చెప్పసాగాడు. ధరను బట్టి స్టాంపు కాగితం, రిజిస్ట్రీ రుసుము, రాసినందుకు తన కూలి, ఇల్లు యాడన్నా తాకట్టులో ఉందేమోనని పాత పుస్తకాలు వెతికించిన రుసుము, మునిసిపాలిటీకి పాత ఇంటిపన్ను, పేరు మార్పించే ఖర్చు, మధ్యవర్తి దలాలీ. అన్నీ కలిసి అరవై పైమాటే.

మీ నాయన ధీమాగా నవ్వారు. "ఇవన్నీ అమ్మేవానివి గదా నరసన్నా! పెద్దయ్యకు సెప్పు."

ఆయన తప్పేముంది చెప్పు? ముప్పై ఏళ్లు పత్తి మండీలో గుమాస్తాగిరీ చేసినవాడు. అక్కడ కొనేవాడు ధర చెప్పి దర్జాగా కూర్చుంటాడు, ఖర్చులన్నీ తెచ్చినవాడి నుంచే కోసుకుంటారు. ఇల్లు కూడా పత్తి బస్తానే అనుకున్నారు పాపం.

పెద్దయ్య తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కోపం లేదు, నవ్వుతూనే అన్నాడు. "పత్తి తెస్తే దలాలీ నాదే, హమాలీ నాదే, ధర్మాదాయం నాదే, మచ్చుకని పిడికిట్లో తీసిన దూదీ నాదే. ఇన్నేండ్లు నోరెత్తితినా శెట్టీ? ఇప్పుడు ఇల్లు అమ్మినా నాదేనా?"

అరుగు మీద ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. మీ నాయన మొహం చిన్నబోయింది. నరసన్న మెల్లిగా, "కొనేవాళ్లే పెట్టుకోవల్లప్పా, ఈడ పద్ధతి అంతే" అన్నాడు. పొద్దు చూస్తే నడినెత్తికి వస్తోంది. అప్పు కోసం ఎవరి గుమ్మం తొక్కాలా అని ఆయన కళ్లు అటూ ఇటూ వెతుకుతున్నాయి.

అప్పుడు లేచాను. కొంగుముడి విప్పి అందులోని డబ్బు నరసన్న ముందు పెట్టాను. "ఈ ఖర్చులకు ఇది సాలుతుంది సూడు. స్టాంపు కాగితం మాత్రం నా పేరున కొని, ఇల్లు నా పేరునే రాయి."

మీ నాయన గతుక్కుమన్నారు. "నీ పేరునా? నలుగురూ ఏమంటారే?"

"వేలం నాడు నలుగురూ ఏమన్నారో అదే అంటారు. ఆ పొద్దు సంతకం మీరు పెట్టినారు, గిన్నెలు నేను మోసినా. ఇంక ఈ ఇంటికి సంతకం కావల్లంటే నన్ను అడగల్ల."

అంతమందిలో అట్లా అంటానని నేనూ అనుకోలేదు. ఆయన ఒకసారి సంచి వైపు, ఒకసారి నా వైపు చూశారు. పెద్దయ్యే అన్నాడు, "రాయించప్పా శెట్టీ, లెక్క అమ్మకే తెల్సినట్టుంది." చివరికి మీ నాయన తల ఊపారు. "రాయి నరసన్నా. కనకమ్మ, ఇంద్రసేనయ్య భార్య." ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు గాజుల సంగతి. చేయించలేదు నాయనా. ఎట్లున్నాయంటే ఏం చెప్పను, స్టాంపు కాగితమంత తెల్లగా ఉన్నాయి! మిగిలిన రెండు మూడు రూపాయలతో వానలకు ముందే మిద్దె కారకుండా పైన చౌడు మట్టి వేయించి, తలుపుకు తాళం కొన్నాను.

ఇంకొకటి మీ నాయనకు కూడా చెప్పలేదు, నీకే చెప్తున్నాను. ఖర్చులు మన మీదే పడతాయని నాకు బయానా నాడే తెలుసు. అంతకు ముందు ఎమ్మిగనూరులో మీ కన్యకమ్మ పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు, వాళ్లు ఇల్లు కొన్న కథంతా విడమరిచి చెప్పింది. "ధర ఇస్తే తలుపు దాకా వస్తావే సెల్లీ, లోపలికి పోవల్లంటే వేరే దుడ్డు కావల్ల" అంది. తిరిగి వచ్చి గాజుల డబ్బు ముడి వేసి దాచాను. ముందే చెప్పి ఉంటే మీ నాయన ఆ డబ్బూ సంచిలో కలుపుకుని తన పేరున కొనేవారు. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను. మోసమంటావా, అను. నాకు మాత్రం రాత్రిళ్లు కమ్మగా నిద్ర పడుతోంది.

మీ నాయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. నిన్న మండీ నుంచి ఎవరో వస్తే, "మా ఆవిడ ఇంట్లో ఉంటాండాను, బాడుగ లేదు" అని తానే నవ్వించారు. వెళ్లేటప్పుడు వాళ్లను పెరట్లోకి తీసుకుపోయి బావి చూపించారు.

కోడల్ని తీసుకుని తొందరగా రా. పుట్టినప్పటి నుంచి నువ్వు చూడని వస్తువు ఒకటి ఈడ ఉంది, మీ అమ్మ పేరున్న కాగితం.

జాబు రాసేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకో. ఇన్నాళ్లూ కవరు మీద "కనకమ్మ గారికి, కేరాఫ్ ఇంద్రసేనయ్య గారు" అని రాసేవాడివి. ఇక నుంచి "ఇంద్రసేనయ్య గారికి, కేరాఫ్ కనకమ్మ" అని రాయి.

ఇట్లు,
తన ఇంట్లో కూర్చుని రాసిన
మీ అమ్మ.