ఆకుపచ్చ పెన్ను

లలితకుమారి అమ్మగారికి,

శంషాబాద్‌లో మీవారి ఆడిట్ ఆఫీసు అటెండర్‌ను, రాస్తున్నాను. ఆడిట్ సీజన్ వస్తోందని ఫైళ్లన్నీ దులిపి పెట్టాను. సారు టిక్కులు కొట్టే ఆకుపచ్చ పెన్నును ఏటా లాగే దాచాను. "దొంగ వెధవా, నా పెన్నేదిరా!" అని అరవకపోతే ఆయనకు అన్నం అరగదు కదా.

ఈసారి వెతకనేలేదు. నన్ను చూసి, "ఎవరు బాబూ మీరు? ఏ కంపెనీ నుంచి వచ్చారు?" అన్నారు.

"నాతోనే మజాకా సారూ?" అని నవ్వాను. సారు నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఇరవై ఏండ్లలో ఎన్నడూ కూర్చోమనలేదు.

అమ్మా, ఇగ సారును ఆఫీసుకు పంపకండి. జర దవాఖానకు తీసుకుపోండి. పెన్ను ఈ కవర్లోనే పెట్టాను. దాన్ని చూసి నన్ను తిడితే మాత్రం వెంటనే ఫోన్ చేయండి.

ఇట్లు,
పెన్ను దొంగ