సైకిల్ హ్యాండిల్ దెబ్బ

బుధవారం రాత్రి, పిల్లల వార్డు

పాప కడుపు మీద సైకిల్ హ్యాండిల్ పొడుచుకున్న గుండ్రటి మచ్చ ఉంది. సైకిల్ మీంచి పడింది ఆదివారం పొద్దున. వాంతులు మొదలయ్యాకే నేను చూశాను.

రక్తపరీక్ష, స్కానింగ్ చేసి, క్లోమం చిట్లిందని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికైతే ఆపరేషన్ వద్దట. నోటికి నీళ్లు కూడా ఇవ్వకుండా సెలైన్ మీదే ఉంచాలట. తల ఊపాను.

"పడ్డప్పుడే ఎందుకు చెప్పలే బిడ్డా?" అని డాక్టరమ్మ పాపను అడిగింది.

"బాపు నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు. అప్పుడు సప్పుడు చెయ్యొద్దు గద."

ఆ బాపును నేనే, ఆ కట్టడి పెట్టిందీ నేనే.

ఇందాక సూది గుచ్చుతూ నర్సు, "నొప్పైతే ఏడ్వు బిడ్డా" అంది. పాప ముందు నావైపు చూసింది, నేను మేలుకునే ఉన్నానా అని.